కొత్త ట్రైలర్, రెండో రాత్రికే పిల్లల పరుపు తడిసింది. ఏం చేయాలి?

వెనకబండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మేముండేది అమెరికాలో. ఏప్రిల్‌లో కొత్త ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొన్నాం. 26 అడుగులది, ఒక స్లైడ్ (ఆపాక బయటికి జరిగే గది భాగం), వెనక పిల్లలకి బంక్ బెడ్లు. మా ఆవిడకి రెండేళ్లుగా కోరిక, నాకేమో అప్పంటే భయం. చివరికి 34,000 డాలర్లకి బేరం కుదిరింది, డీలర్ ద్వారానే లోను తీసుకున్నాం. కంపెనీ పేరు, డీలర్ పేరు రాయను. ఇంకా వాళ్లతోనే పని ఉంది.

బండి తీసుకునే రోజు అక్కడి కుర్రాడొకడు నలభై నిమిషాలు తిప్పి చూపించాడు. ఇది పంపు స్విచ్, ఇది గ్యాస్ వాల్వు, ఇది లాగితే టాంకు ఖాళీ అవుతుంది. నేను అంతా వీడియో తీశాను. అతను చెప్పేది విన్నాను గానీ బండిని చూడలేదు. మొన్న ఆ వీడియో మళ్లీ వేస్తే అతని తల వెనకాలే కప్‌బోర్డు తలుపు ఒకటి వంకరగా వేలాడుతోంది. కళ్ల ముందే ఉంది, కనపడలేదు.

మా నాన్న ఆర్నెల్లు మా దగ్గర ఉండటానికి వచ్చారు. ఆయన ముప్పై ఏళ్లు బస్సు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. బండి ఇంటి ముందు పెట్టగానే చుట్టూ ఒకసారి తిరిగారు. వేలి కణుపులతో గోడ మీద అక్కడక్కడా తట్టి, "లోపల చెక్క ఎక్కడుందో, గాలి ఎక్కడుందో తెలియట్లేదు రా" అన్నారు. పాతకాలం మనిషి, అన్నిటికీ వంక పెడతారులే అనుకున్నాను. ఆ మాట నోటితో అననందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను.

మొదటి ట్రిప్పు దగ్గర్లోని స్టేట్ పార్కుకి, మూడు రాత్రులు. మొదటి సాయంత్రమే సొరుగు లాగితే ముందు పలక చేతిలోకి వచ్చింది. స్క్రూలు లేవు, స్టేపుల్ పిన్నులతో నిలబెట్టారు. సింకు కింద ట్రాప్ (వంపు గొట్టం) నట్టు చేత్తో తిప్పితే తిరుగుతోంది, కింద గిన్నె పెట్టుకుని అంట్లు తోముకున్నాం. రాత్రి చలికి ఫర్నేస్ వేస్తే రెండు నిమిషాలు నడుస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. బంకుల పక్కన నేల మీద ఉన్న జాలీలోంచి వేడి గాలి అసలు రాలేదు. మర్నాడు ఆ జాలీ విప్పితే కింద గొట్టమే లేదు. నేలకి చిల్లు కోశారు, పైన జాలీ బిగించారు, గొట్టం తగిలించడం మర్చిపోయారు. ఆ గుంతలో గుప్పెడు రంపపు పొట్టు, ఏడు స్క్రూలు, ఒక పెన్సిల్ ముక్క. మా చిన్నది ఆ పెన్సిల్ దాచుకుంది.

ఇవన్నీ నవ్వుకున్నాం, నిజంగానే. రెండో రాత్రి వాన పడింది. తెల్లవారుజామున పెద్దవాడు లేచి "పరుపు తడిగా ఉంది, నేను కాదు" అన్నాడు. పాపం వాడి భయం వాడిది. చూస్తే పై బంకు మూలలో గోడ కాగితం మెత్తగా ఉంది, వేలు పెడితే సొట్ట పడుతోంది.

ఇంటికొచ్చాక నాన్న ఒక రూళ్ల పుస్తకం పట్టుకుని రెండు రోజులు బండి లోపలా బయటా తిరిగి లోపాలన్నీ నంబర్లు వేసి రాశారు. 41 తేలాయి. డీలర్‌కి ఫోన్ చేస్తే సర్వీస్‌కి ఏడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. "అప్పటిదాకా వాడకండి" అని ఉచిత సలహా ఒకటి. లోను వాయిదా మాత్రం ఏడు వారాలు ఆగదు.

వెనక్కి ఇచ్చేయొచ్చా? నేనే కొన్ని బాగు చేసుకుంటే వారంటీ పోతుందా? 41 లో ఎక్కడ మొదలుపెట్టాలి? నాన్న అయితే "ముందు ఆ మూల విప్పుదాం" అని స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నారు. ఆపడానికి నానా తంటాలు పడుతున్నాను.

పాతచక్రం

తమ్ముడూ, ముందు నాన్నగారి చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండనివ్వండి, కానీ మూల విప్పొద్దని చెప్పండి. విప్పేముందు కాగితాల పని ఉంది.

మాది తొమ్మిదేళ్ల అనుభవం, ఇది రెండో ట్రైలర్. మొదటిది నేను చేతులారా పోగొట్టుకున్నాను, అందుకే ఈ గోల.

41 అని భయపడకండి, 41 అని కోపంతో ఊగిపోకండి. ఆ పుస్తకంలో మీ బండిని చంపేవి రెండో మూడో ఉంటాయి. మిగతావి చిరాకులు. సొరుగు పలక జిగురు పెట్టి రెండు స్క్రూలు వేస్తే జన్మలో ఊడదు. ట్రాప్ నట్టు అర నిమిషం పని. నేను మొదటి బండితో చేసిన తప్పు ఇదే: కనబడే వాటి మీద ఆరు నెలలు డీలర్‌తో దెబ్బలాడాను. తలుపు వంకర, స్టిక్కర్ బుడగ, కర్టెన్ రాడ్డు. అన్నీ చక్కగా సరిచేశారు. ఈలోగా ముందు మూలలోంచి నీళ్లు గోడ లోపలికి దిగుతూనే ఉన్నాయి. రెండో ఏడు బయటి గోడ పూరీలా పొంగింది.

ఎందుకు పొంగుతుందో తెలిస్తే మీరు ఈ రాత్రే నిచ్చెన వేస్తారు. చాలా ట్రైలర్ల గోడ బయట పలచని ఫైబర్‌గ్లాస్, దాని వెనక అంతకన్నా పలచని ప్లైవుడ్, మధ్యలో ఫోమ్, అన్నీ జిగురుతో అతికించి ఉంటాయి. నీళ్లు తగిలితే ప్లైవుడ్ పొరలు విడిపోతాయి, జిగురు వదిలేస్తుంది. ఒకసారి వదిలాక పైపైన అతికించే పని కాదు, గోడ మార్చాలి. అల్యూమినియం రేకు గోడ అయితే బుడగ కూడా రాదు. లోపల చెక్క చట్రం చప్పుడు లేకుండా కుళ్లుతుంది, అది ఇంకా మోసం.

రెండు సూదులుండే చెమ్మ మీటర్ ఒకటి కొనండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. ఆ మూల నుంచి అడుగడుగుకీ గుచ్చి చూడండి. చెక్క ఆరి ఉంటే 15 శాతం లోపు చూపిస్తుంది. 20 దాటితే తడి ఉన్నట్టే. 30 చూపిస్తే బాగా నానిపోయిందనే అనుకోండి. మీటర్ అంకె, గోడ రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. తీసి, ఈరోజే డీలర్‌కీ కంపెనీకీ ఇద్దరికీ ఒకే ఈమెయిల్‌లో పంపండి. ఫోన్ వద్దు. ఫోన్‌లో చెప్పింది వాళ్లకి గుర్తుండదు, మీకు రుజువుండదు. "లోపలికి నీళ్లు వస్తున్నాయి, నష్టం పెరగకుండా తాత్కాలికంగా పైన కప్పుతున్నాను, అభ్యంతరం ఉంటే వెంటనే చెప్పండి" అని ఒక్క వాక్యం తప్పనిసరిగా ఉండాలి. చాలా వారంటీల్లో, నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత యజమానిదే అని రాసి ఉంటుంది. ఏడు వారాలు చూస్తూ కూర్చున్నారని రేపు మిమ్మల్నే అంటారు.

కప్పడం అంటే టేపు, టార్పాలిన్. ఇంట్లో బాత్రూమ్‌కి వాడే సిలికాన్ మాత్రం పూయకండి, కాళ్లు పట్టుకుంటా. రబ్బరు రూఫ్ మీద అది సరిగా నిలవదు, పైగా తర్వాత అసలైన సీలెంట్‌ని పట్టనివ్వదు. లోపలి వైపు నుంచి మూసేయకండి. నీళ్లు వచ్చే దారి అలాగే ఉంటుంది, పోయే దారి మూసుకుపోతుంది.

మీరే బాగు చేసుకుంటే వారంటీ పోతుందా అన్నారు. 1975 నుంచి మాగ్నసన్-మాస్ అని ఫెడరల్ చట్టం ఉంది. మా మనిషి చేత చేయిస్తేనే, మా బ్రాండ్ సామాను వాడితేనే వారంటీ అని కంపెనీ షరతు పెట్టకూడదు. కానీ మీ చేతి పని వల్లే పాడైందని చూపించగలిగితే ఆ పాడైన దానికి డబ్బులివ్వరు. కాబట్టి సొరుగులు, ట్రాపులు మీరు చేసుకోండి. రూఫ్, గోడ, గ్యాస్ వాళ్ల నెత్తిన పెట్టండి.

నల్లకళ్లద్దాలు

ఇవన్నీ ఇంతే బ్రదర్. గంటకి అరవై మైళ్ల వేగంతో లాగే ఇల్లు, రోజూ భూకంపమే. స్క్రూలు ఊడకుండా ఎలా ఉంటాయి? అలవాటు చేసుకోండి, లేకపోతే హోటల్‌కి వెళ్లండి.

సర్వీస్‌బే

నేను ఒక డీలర్ దగ్గర ఆరేళ్లుగా టెక్నీషియన్‌ని. మీ డీలర్ కాదనే అనుకుంటున్నాను. పాతచక్రం గారు చెప్పింది కరెక్టు. నేను గోడకి ఇటువైపు ఏం జరుగుతుందో చెప్తాను.

ఈ దేశంలో ట్రైలర్లలో ఎక్కువ భాగం ఇండియానాలో ఎల్‌కార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. చాలా ఫ్యాక్టరీల్లో జీతం గంటల లెక్కన కాదు, ఎన్ని బళ్లు బయటికి తోస్తే అంత. కాబట్టి లైను ఆపి గొట్టం తగిలించారా లేదా అని చూసే ఓపిక ఎవరికీ ఉండదు. 2021లో అయితే 6 లక్షలకు పైగా ఆర్వీలు (ట్రైలర్లు, మోటర్‌హోమ్‌లు అన్నీ కలిపి) డీలర్లకి పంపారు, అది రికార్డు. ఆ ఏడాది బళ్లు చూస్తే నాకు ఇప్పటికీ చేతులు దురద పెడతాయి. అసలు తనిఖీ డీలర్ దగ్గర జరగాలి. బండి అప్పగించేముందు చేసే పీడీఐ అదే. మా దగ్గర ఒక్కో బండికి ఒక పూట ఇస్తారు. శనివారం అమ్మకాలు ఎక్కువుంటే ఆ పూట గంట అవుతుంది.

తలుపు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఒక సీలు ఉంటుంది, చూశారా? అది చూపించి సేల్స్ వాళ్లు నాణ్యత అంటారు. కరెంటు, గ్యాస్, ప్లంబింగు, అగ్ని భద్రత ప్రమాణాల ప్రకారం కట్టామని తయారీదారు చెప్పుకునే ముద్ర అది. సొరుగు స్టేపుల్‌కి, దానికి సంబంధం లేదు.

ఇక ఏడు వారాలు ఎందుకంటే. వారంటీ పనికి కంపెనీ మాకు గంటలు కట్టి ఇస్తుంది. సీలెంట్ పనికి ఇన్ని గంటలు, తలుపుకి ఇన్ని. నిజంగా పట్టే సమయం దానికి రెట్టింపు. పైగా ఫొటోలు పంపి ముందే అనుమతి తీసుకోవాలి, సామాను ఆర్డర్ పెట్టాలి, వచ్చేదాకా బండి యార్డులో ఎండాలి. డబ్బిచ్చి చేయించుకునే కస్టమర్‌తో పోలిస్తే మీరు మా మేనేజర్‌కి నష్టం. అది న్యాయం అని నేననడం లేదు, లెక్క చెప్తున్నాను. ఆ లెక్క తెలిస్తే మీరు ఏం అడగాలో తెలుస్తుంది.

బండిని ఇప్పుడే తీసుకెళ్లి వాళ్ల యార్డులో వదలకండి. అక్కడా వానే పడుతుంది, చూసేవాడు ఉండడు. "అనుమతి వచ్చి, సామాను వచ్చాక తెస్తాను, ఈలోపు ఒక్క పూట తెచ్చి ఫొటోలు తీయించుకెళ్తాను" అనండి. చాలామంది ఒప్పుకుంటారు, మాకూ జాగా కలిసొస్తుంది. కంపెనీకి నేరుగా ఫోన్ చేసి ఇంటికొచ్చే మొబైల్ టెక్నీషియన్‌కి అనుమతి ఇస్తారా అని కూడా అడగండి. కొన్ని కంపెనీలు ఇస్తాయి. ఫ్రిజ్, ఏసీ, ఫర్నేస్, వాటర్ హీటర్ వీటికి ఎవరి వారంటీ వాళ్లదే, వాటి నంబర్లు రాసుకుని విడిగా రిజిస్టర్ చేయండి. బండి వదిలిన ప్రతిసారీ రిపేర్ ఆర్డర్ కాపీ అడిగి తీసుకోండి. వదిలిన తేదీ, తెచ్చుకున్న తేదీ, మీరు చెప్పిన ఫిర్యాదు మీ మాటల్లోనే ఉండాలి. "కస్టమర్ చెప్పాడు, మాకు కనపడలేదు" అని రాస్తే సంతకం పెట్టకండి.

మీ ఫర్నేస్ సంగతి: గొట్టం లేకపోవడం ఒక్కటే కాకపోవచ్చు, ఇంకోటి ఎక్కడో నలిగి ఉండొచ్చు. గాలి సరిగా పోకపోతే లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్ ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ వెలుగుతుంది. మీరు చెప్పిన రెండు నిమిషాల ఆట అదే అయ్యుండాలి. గ్యాస్ మాత్రం మనిషిని పిలిచి చూపించండి. గ్యాస్ ప్రెషర్ 11 అంగుళాల నీటి మట్టం (ప్రెషర్ కొలిచే లెక్క అది) దగ్గర నిలవాలి, లీకు పరీక్ష ప్రెషర్ కొలిచే మానోమీటర్‌తో చేయాలి.

మీరు రాయనిది ఒకటి అడుగుతాను. చక్రాల నట్లు టార్క్ రెంచితో (ఎంత బిగువుందో చూపించే రెంచి) చూశారా? కొత్త బండికి మొదటి 10, 25, 50 మైళ్ల దగ్గర ఆపి బిగించాలని యాక్సిల్ పుస్తకంలోనే ఉంటుంది. కొత్త రిమ్ముకి రంగు ఉంటుంది, అది నలిగి సర్దుకునేకొద్దీ నట్టు వదులవుతుంది. ఎంత బిగించాలో మీ పుస్తకంలో అంకె చూడండి, గాలి తుపాకీతో ఇష్టమొచ్చినట్టు బిగించకండి. నా లెక్కలో నీళ్లకంటే ఇది ముందు. నీళ్లు బండిని చంపుతాయి, చక్రం ఊడితే వెనకొచ్చే కారులో వాళ్లు పోతారు.

వెనకబండి

సర్వీస్‌బే గారూ, మీ మెసేజ్ చదివి భోజనం మధ్యలో లేచి వెళ్లాను. ఎడమ వైపు వెనక చక్రానికి ఆరు నట్లలో రెండు చేత్తో తిరిగాయి. చేత్తో. పార్కుకి వెళ్లి రావడం 140 మైళ్లు, పిల్లలు ముందు బండిలో. ఆ రాత్రి మా ఆవిడకి చెప్పలేదు, మర్నాడు చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు 42వ నంబరుగా రాసుకోవచ్చు.

నాన్న పుస్తకంలో చక్రాలు లేవు. ఆయనకి అదే పెద్ద బాధ అయింది. "మా షెడ్డులో బాడీ వేరు, చాసిస్ వేరు రా, చక్రాలు మా పని కాదు, అందుకే అటు చూడలేదు" అని రెండుసార్లు అన్నారు. నేను అడగలేదు, ఆయనే అన్నారు.

నల్లకళ్లద్దాలు గారి మాట ఆయనకి చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, "బస్సు ఊగదా? రోజంతా గుంతల్లో, నిండా జనంతో పోతుంది. ఊగుతుందని తెలుసు కాబట్టే రివెట్టు కొడతాం. ఊగే బండికి గుండు పిన్ను కొట్టి, ఊగింది కాబట్టి ఊడింది అంటే ఎలా?" అన్నారు. నేను దీనికి ఏమీ కలపను.

మీటర్ కొన్నాను. మూల దగ్గర 34. అక్కడి నుంచి కిందికి అడుగు దూరంలో 26, రెండడుగుల దగ్గర 14. ముందు గోడలు, స్లైడ్ చుట్టూ అన్నీ 10, 11. ఫొటోలతో ఈమెయిల్ వెళ్లింది.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో నాన్నే పట్టుకున్నారు. నేను రూఫ్ మీద సీలెంట్ చూస్తూ కూర్చున్నాను, బాగానే ఉంది. ఆయన గార్డెన్ పైపు తీసుకుని, నాజిల్ తీసేసి, ఊరికే నీళ్లు జారేలా కింద నుంచి మొదలుపెట్టారు. కిటికీ దగ్గర పది నిమిషాలు, ఏమీ లేదు. ఇంకొంచెం పైకి, మళ్లీ పది నిమిషాలు. నేను లోపల టార్చి పట్టుకుని పడుకున్నాను. పైనుంచి మొదలుపెడితే అంతా తడుస్తుంది, ఎక్కడిదో తెలియదట. వెనక గోడ పై అంచున చిన్న ఎర్ర మార్కర్ లైటు ఉంటుంది కదా, నీళ్లు దానికి తగిలిన నిమిషంలో లోపల చుక్క పడింది. వీడియో తీస్తూ లైటు మూత తీసి చూశాం. వైరు సన్నగా పుల్లంత ఉంది, చిల్లు నా బొటనవేలంత ఉంది. చుట్టూ సీలెంట్ బొట్టు కూడా లేదు. 34,000 డాలర్ల బండి, అర డాలరు సీలెంట్ దగ్గర కక్కుర్తి పడ్డారు.

ప్రస్తుతానికి మూత పెట్టేసి పైన టేపు వేశాను.

కాగితాలరావు

వెనక్కి ఇవ్వడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. నేను లాయర్‌ని కాదు. లాయర్ల ఆఫీసులో పద్నాలుగు నెలలు కూర్చున్నవాణ్ణి.

మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆ ఫెడరల్ నియమం ఇంటికొచ్చి అమ్మేవాళ్ల లాంటి అమ్మకాల కోసం. డీలర్ దగ్గరికి మనమే వెళ్లి సంతకం పెడితే వర్తించదు. లెమన్ చట్టం (ఎన్నిసార్లు చేసినా బాగుపడని కొత్త బండి కొన్నవాళ్లని కాపాడే చట్టం) రాష్ట్రానికో రకం. చాలా చోట్ల ఇంజన్ లేని లాగుడు బళ్లని వదిలేస్తాయి, కొన్ని చోట్ల కలుపుతాయి, కొన్ని చోట్ల మోటర్‌హోమ్‌లో కూడా డ్రైవింగ్ భాగాన్నే చూస్తాయి, వంటగది, పడకగది లెక్కలోకి రావు. మీ రాష్ట్రం చట్టం మీరే తెరిచి చదవండి, ఇక్కడ ఎవరు చెప్పినా నమ్మకండి, నన్ను కూడా.

మిగిలేది పైన చెప్పిన మాగ్నసన్-మాస్. రాసిచ్చిన వారంటీ నిలబెట్టుకోకపోతే దావా వేయొచ్చు, గెలిస్తే లాయర్ ఫీజు కూడా వాళ్ల చేత కట్టించమని కోర్టుని అడగొచ్చు. అందుకే ముందు డబ్బు అడగకుండా తీసుకునే లాయర్లు దొరుకుతారు. కానీ బాగు చేసే అవకాశం వాళ్లకి ఇచ్చారా, ఎన్నిసార్లు ఇచ్చారు అనేది మొదటి ప్రశ్న. నా దగ్గర దానికి జవాబు లేదు. అన్నీ ఫోన్లే. మీ వారంటీ పుస్తకంలో చివరి పేజీలు చూడండి, గొడవ వస్తే ఇండియానా కోర్టులోనే తేల్చుకోవాలనో, ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) వెళ్లాలనో ఉంటుంది. నాది మొదటి రకం. నేనుండేది అక్కడికి రెండు రోజుల ప్రయాణం.

చివరికి బయట సెటిల్ అయింది. ఎంతో చెప్పకూడదని సంతకం పెట్టాను. బండి నా దగ్గరే ఉంది, అది చాలు మీకు అర్థం కావడానికి.

ఒక్కటి మాత్రం: కోపంలో లోను వాయిదాలు ఆపకండి. నేను రెండు నెలలు ఆపాను. కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా లేదు, నా క్రెడిట్ స్కోరుకి మాత్రం పాము కరిచింది. డీలర్ ద్వారా తీసుకున్న లోను అన్నారు కదా, ఆ కాగితాల్లో పెద్ద అక్షరాలతో ఒక నోటీసు ఉంటుంది: అమ్మినవాడి మీద మీకున్న అభ్యంతరాలు అప్పు ఇచ్చినవాడి మీద కూడా చెల్లుతాయని. లాయర్ దగ్గరికి వెళ్తే ముందు ఆ పేజీ చూపించండి.

పాతచక్రం

నట్ల సంగతి చదివి ఒళ్లు జలదరించింది. వీఐఎన్ నంబరు (బండి గుర్తింపు నంబరు), 17 అక్షరాలది, ఎన్‌హెచ్‌టీఎస్ఏ (రోడ్డు భద్రత చూసే ఫెడరల్ సంస్థ) సైట్‌లో వేసి రీకాల్స్ (లోపం సరిచేయడానికి కంపెనీ బళ్లని వెనక్కి పిలవడం) చూశారా? రోడ్డు భద్రత లోపాలకి రీకాల్ వస్తే ఉచితంగా చేయాల్సిందే. నీళ్ల లీకులు అందులో రావు. ఆ నట్ల సంగతి కూడా అక్కడే ఫిర్యాదుగా రాయండి, పది నిమిషాల పని.

ఇంకోటి. మీ మాన్యువల్‌లో "సీలెంట్ ప్రతి 90 రోజులకి యజమాని చూడాలి" లాంటి వాక్యం ఉంటుంది, వెతకండి. చూసినట్టు తేదీతో ఫొటోలు లేకపోతే రేపు ఇంకో మూల కారితే మీ నిర్లక్ష్యం అంటారు. నాన్నగారి పుస్తకంలో ఒక పేజీ దానికి కేటాయించండి.

వెనకబండి

తొమ్మిది వారాల తర్వాత వస్తున్నాను.

రీకాల్ ఏమీ లేదు. ఫిర్యాదు రాశాను. ఈమెయిల్‌కి డీలర్ నుంచి నాలుగు రోజులు మౌనం, అయిదో రోజు కంపెనీ నుంచి ఫోన్. "ఫోన్‌లో వద్దండీ, రాసి పంపండి" అన్నాను, గొంతు కొంచెం వణికింది. రాసి పంపారు. పైపు వీడియో వాళ్లకి బాగా నచ్చినట్టుంది, దాని గురించి ఇంకో ప్రశ్న అడగలేదు. సర్వీస్‌బే గారు చెప్పినట్టే ఒక పూట తీసుకెళ్లి ఫొటోలు తీయించి వెనక్కి తెచ్చుకున్నాను. అనుమతి వచ్చాక పదకొండు రోజులు వాళ్ల దగ్గర ఉంది. మూల విప్పి తడిసిన చెక్క రెండు ముక్కలు, లోపలి పలక మార్చారు. విప్పినప్పటి ఫొటోలు అడిగితే మొదట లేవన్నారు, తర్వాత దొరికాయి. బయటి గోడ పొంగలేదు. అదృష్టం.

మిగతా మార్కర్ లైట్లు కూడా చూడమని రాసిచ్చాను. అయిదింటిలో ఇంకో రెండిటికి సీలెంట్ లేదట. రిపేర్ ఆర్డర్‌లో ఆ ముక్క రాయించుకున్నాను.

ఫర్నేస్ గొట్టం మాత్రం "సామాను రాలేదు" అని అలాగే పంపించారు. రెండోసారి యార్డులో వదలడం నావల్ల కాలేదు. పుస్తకంలో 41 లో 23 నాన్న, నేను చేసుకున్నాం. డీలర్ 9 చేశాడు, అందులో రెండు మళ్లీ చేయాలి. మిగతావి అలాగే ఉన్నాయి, ఉండనీ. వంకర తలుపుకి నాన్న చెక్క బిళ్ల ఒకటి చెక్కి వెనకాల పెట్టారు, ఇప్పుడు అది ఒక్కటే బండిలో తిన్నగా ఉన్న తలుపు.

నాన్న పోయిన గురువారం వెళ్లిపోయారు. పుస్తకం నా దగ్గరే వదిలారు. చివరి పేజీలో 42 అని వేసి "చక్రాలు, ప్రతిసారి" అని రాసి ఉంది. నిన్న ఫోన్‌లో మొదటి మాట "వాన పడిందా?" పడింది. తెల్లవారుజామున మూడింటికి లేచి మీటర్ పెట్టి చూశాను. 11.

ఇప్పుడు ఆ గొట్టం నేనే వేద్దామనుకుంటున్నాను. ప్రధాన గొట్టం నుంచి జాలీ దాకా రెండున్నర అడుగులు. ఏ సైజు కొనాలి?

సర్వీస్‌బే

4 అంగుళాలది. కొనేముందు ఫర్నేస్ దగ్గర కాలర్ (గొట్టం తొడిగే మూతి) కొలిచి చూడండి, కొన్నిటికి చిన్నది ఉంటుంది. టేపుతో సరిపెట్టకండి, రెండు చివర్లా క్లాంపు బిగించండి. వంపు లేకుండా తిన్నగా లాగండి. మిగిలిన ఆ ఏడు స్క్రూలు పారేయకండి, ఎక్కడివో త్వరలోనే తెలుస్తుంది.